సగం కడిగిన ఇంజన్

నేను బ్రిటిష్ డీజిల్ ఇంజన్ల మోడళ్ళకు మురికి పూస్తాను. సరిగ్గానే చదివారు. పెట్టెలోంచి మెరుస్తూ వచ్చిన కొత్త మోడల్‌కి మసి, జిడ్డు, నూనె మరకలు పెడతాను. ఇంగ్లీషులో దీని పేరు వెదరింగ్. తెలుగులో ఏమనాలి అని చాలా రోజులు వెతికాను. చివరికి ఆ మాట మా అమ్మ దగ్గర దొరికింది. "అంత డబ్బు పోసి కొత్త బొమ్మ కొని, దాన్ని మాపుతావేంట్రా?" అంది. మాయడం అంటే దానంతట అదే మురికి కావడం. మాపడం అంటే మనం చేసేది. చిన్నప్పుడు బట్టలు మాపుకుని ఇంటికొస్తే తిట్లు పడేవి కదా, ఆ మాపడమే. అరవై దాటాక నాకు అదే పని.

శనివారం పొద్దున్న నేను గుడిలో ఉంటాను. దీపం కుందులు, హారతి పళ్ళేలు, గంటలు చింతపండుతో తోమడం నా డ్యూటీ. మధ్యాహ్నం ఇంటికి వచ్చి, అన్నం తిని, పైగదిలో ఇంజన్లకు మసి పూస్తాను. తోటి వాలంటీర్లకు ఇది పెద్ద జోకు. "పొద్దున్న తోముతాడు, సాయంత్రం మాపుతాడు" అంటారు. నవ్వుతాను కానీ, నాకు ఈ రెండు పనులూ చాలా దగ్గరగా కనిపిస్తాయి. మురికి ఎక్కడ దాక్కుంటుందో తోమేవాడికే బాగా తెలుసు.

మోడళ్ళ గురించి తెలియని వాళ్ళకు కొంచెం చెప్తాను. నావి డబుల్ ఓ గేజ్ మోడళ్ళు. అసలు ఇంజన్‌లో ఒక అడుగు మోడల్‌లో 4 మిల్లీమీటర్లు. 19 మీటర్లకు పైగా పొడవున్న ఇంజన్ 25 సెంటీమీటర్లు అవుతుంది. పట్టాల వెడల్పు మాత్రం లెక్కకు సరిపోదు. లెక్క ప్రకారం 18.83 మిల్లీమీటర్లు ఉండాలి, 16.5 ఉంటుంది. ఈ తేడా భరించలేక చక్రాలు మార్చి, పట్టాలు సొంతంగా తయారు చేసుకునే వాళ్ళు ఉన్నారు. నేను భరిస్తాను. అందరూ ఎక్కడో ఒకచోట భరించాలి.

కానీ ఒక విషయంలో నేను గట్టిగా ఉంటాను. మోడల్ ఒక రోజుది అవ్వాలి. "నీలం రంగు డీజిల్ ఇంజన్" అంటే చాలదు. ఏ ఇంజన్, ఏ డిపో, ఏ సంవత్సరం అని అడగాలి. ఎందుకంటే అసలు ఇంజన్ ఎప్పుడూ ఒకేలా లేదు. 47 క్లాసునే తీసుకోండి. 1962 నుంచి 1968 వరకు లఫ్‌బరోలో బ్రష్ కంపెనీ, క్రూలో రైల్వే వర్క్‌షాపు కలిసి 512 ఇంజన్లు కట్టాయి. మొదట రెండు రకాల ఆకుపచ్చ. తర్వాత మొత్తం నీలం, మొహం మొత్తం పసుపు. 1973, 74లో నంబర్లన్నీ మారాయి. కొన్నిటికి పెట్టెల్లో వేడి కోసం ఆవిరి బాయిలర్, కొన్నిటికి కరెంటు. బాయిలర్ తీసేసిన చోట పైకప్పు మీద ఒక రేకు అతికించారు. ఆ రేకు ఉందా లేదా అన్నది మోడల్‌లో బియ్యపు గింజంత తేడా. అయినా తేడా తేడానే.

నాకు ఒక రోజు కావాలి. ఆ రోజు నా దగ్గర ఒక ఫోటోలో ఉంది.

ఫోటోలో మా నాన్నగారు ఉన్నారు. ఓవరాల్స్ వేసుకుని, పొడవాటి కర్ర ఉన్న బ్రష్ పట్టుకుని, కాళ్ళ దగ్గర బకెట్. వెనక 47 క్లాసు ఇంజన్. చోటు తూర్పు లండన్‌లో స్ట్రాట్‌ఫర్డ్ డిపో. ఆ డిపో 2001లో మూసేశారు, ఇప్పుడు ఆ చుట్టుపక్కల స్ట్రాట్‌ఫర్డ్ ఇంటర్నేషనల్ స్టేషన్ ఉంది. ఫోటో వెనక తేదీ లేదు.

నాన్న 1968లో లండన్ వచ్చారు. అమ్మా నేనూ రెండేళ్ళ తర్వాత వచ్చాం, నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. నాన్న తెనాలిలో బీకాం చదివారు. ఇక్కడ దొరికింది ఇంజన్లు కడిగే పని. తెనాలికి రాసే ఉత్తరాల్లో "రైల్వేలో ఉద్యోగం" అని రాసేవారు. అది అబద్ధం కాదు. కానీ మన దేశంలో రైల్వే ఉద్యోగం అంటే ఎంత గొప్పో మీకు తెలుసు. తాతయ్యగారు ఊరంతా మా వాడు లండన్‌లో రైల్వే ఆఫీసరు అని చెప్పుకున్నారు. ఆ మాటను ఎవరూ దిద్దలేదు. 1975లో నాన్న నిజంగానే అదే డిపోలో స్టోర్సు గుమాస్తా అయ్యారు. ఆ తర్వాత ఆయన చేతికి మసి అంటలేదు అని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళం.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఫోటో చూసి ఇంజన్ చేద్దామని పోయిన ఏడాది మొదలుపెట్టాను. ముందు తేదీ తేల్చాలి. భూతద్దం తీసుకుని కూర్చున్నాను.

ఇంజన్ మొహం మొత్తం పసుపు, ఒంటి రంగు నీలం. క్యాబ్ పక్కన నంబరులో 47, ఒక సున్నా కనిపిస్తున్నాయి. తర్వాతి రెండు అంకెలు నాన్న భుజం వెనక ఉన్నాయి. కొత్త పద్ధతి నంబరు కాబట్టి 1973కి ముందు కాదు. ముందు భాగంలో బఫర్ల దగ్గర కరెంటు హీటింగ్ కేబుల్ లేదు, అంటే బాయిలర్ రకం. ఇంతవరకు ఇబ్బంది లేదు. తర్వాత మొహం మధ్యలో ఉన్న పెట్టె చూశాను. ఆ పెట్టెలో నాలుగు అక్షరాలు తిరిగేవి, ఏ రైలు ఎటు పోతోందో సిగ్నల్‌మన్‌కు చెప్పడానికి. 1976 జనవరి నుంచి ఆ కోడ్ చూపించడం ఆపేశారు. మొదట నాలుగు సున్నాలు పెట్టి వదిలేశారు. తర్వాత నల్లటి పలక పెట్టి దాని మీద రెండు తెల్ల చుక్కలు ఉంచారు. నాన్న ఫోటోలో రెండు తెల్ల చుక్కలు ఉన్నాయి.

అంటే 1976 తర్వాత. కానీ నాన్న చేతిలో బ్రష్ ఉంది.

ఇంకా వెతికాను. దూరంగా, వెనక లైన్ మీద మూడు ఇంజన్ల పైకప్పులు కనిపిస్తున్నాయి. రెండు నల్లగా ఉన్నాయి. మూడోది తెల్లగా మెరుస్తోంది. ఎండ పడిందేమో అనుకున్నాను. కానీ పక్క రెండింటి మీదా అదే ఎండ ఉంది. స్ట్రాట్‌ఫర్డ్ గురించి తెలిసిన వాళ్ళు ఈపాటికి నవ్వుతుంటారు. 1977లో రాణి ఎలిజబెత్ సిల్వర్ జూబిలీకి ఆ డిపో వాళ్ళు 47163, 47164 అనే రెండు ఇంజన్లకు పక్కల మీద జెండా, పైకప్పుకు వెండి రంగు వేశారు. ఆ వెండి పైకప్పు తర్వాత ఆ డిపో గుర్తు అయిపోయింది, ఇంకా చాలా ఇంజన్లకు వేశారు. అంటే ఈ ఫోటో 1977కి ముందు తీసింది కాదు.

అమ్మ వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. అమ్మకు ఇప్పుడు 87. ఫోటో పక్కన పెట్టాను.

"అమ్మా, ఇది 77 తర్వాత తీసిన ఫోటో."

"అయితే?"

"నాన్న అప్పటికి ఆఫీసులో ఉన్నారు కదా?"

అమ్మ చేయి ఆపలేదు. "ఏడాదిన్నర ఉన్నారు. మళ్ళీ కడగడానికే వెళ్ళారు. రాత్రి షిఫ్టుకి డబ్బులెక్కువ. మీ అత్త పెళ్ళి కుదిరింది కదా అప్పుడు."

"నాకు చెప్పలేదేం?"

"నీకు పరీక్షలు. ఐనా నీకు తెలిస్తే ఉత్తరంలో రాసేస్తావు. తెనాలిలో తెలిస్తే మీ తాతయ్య ఆ డబ్బు ముట్టుకుంటారా?" ఇంకో కాయ తీసుకుంది. "ఆ ఓవరాల్స్ నేనే ఉతికాను. నాకు తెలియదా ఎప్పటి ఫోటోనో? నన్ను అడిగితే సరిపోయేది. ఆ అద్దాలెందుకు?"

ఈ సంభాషణ అంతా తెలుగులో జరిగింది. నేను పుట్టుకతో తెలుగువాణ్ణే కానీ చదువంతా ఇంగ్లీషు మీడియం. అమ్మ తెలుగులో మాట్లాడితే యాభై ఏళ్ళు ఇంగ్లీషులో జవాబు చెప్పాను. రిటైరయ్యాక పెద్ద బాలశిక్ష తెచ్చుకుని మొదటి పేజీ నుంచి నేర్చుకున్నాను. ఇంగ్లీషులో అడిగి ఉంటే అమ్మ "ఐ డోంట్ నో" అని ఊరుకునేదేమో అనిపిస్తుంది.

సరే, పనిలోకి వస్తాను. ఈ మోడల్‌లో మురికి ఎక్కడ ఉండాలో ఫోటోనే చెప్తోంది. నాన్న అటు చివర నుంచి కడుక్కుంటూ వచ్చారు. ఇంజన్‌లో అవతలి సగం తడిగా, నీలంగా మెరుస్తోంది. ఇవతలి సగం ఇంకా మాసే ఉంది. మధ్యలో వంకర గీత, బ్రష్ ఆగిన చోటు. నా మోడల్ కూడా అంతే. సగం కడిగిన ఇంజన్.

నేర్చుకునే వాళ్ళ కోసం మురికి మాటలు ఇక్కడ చెప్తాను, ఇవన్నీ పని చేస్తూ అమ్మను అడిగినవి. ఇక్కడ దొరికే రంగు డబ్బాల మీద ఫ్రేమ్ డర్ట్, రూఫ్ డర్ట్, స్లీపర్ గ్రైమ్ అని ఉంటుంది. ఇంగ్లీషుకు ఆ రెండు మూడు మాటలతో సరిపోయింది. తెలుగుకు సరిపోలేదు.

పైకప్పు మీద పొగ బయటికొచ్చే చోట ఉండేది మసి. అది పొడిగా, నల్లగా ఉంటుంది, కాబట్టి నేను రంగు వాడను, పొడి వాడతాను. మెత్తటి బ్రష్‌తో అద్ది, పొగ పోయిన దిక్కుకు లాగుతాను. ఇంజన్ రెండు వైపులా నడుస్తుంది కాబట్టి మసి కూడా రెండు వైపులా ఉండాలి. ఆవిరి ఇంజన్‌లా ఒక పక్కకే లాగితే తప్పు.

డీజిల్ పోసే మూత కింద ఉండేది జిడ్డు. అది మెరుస్తుంది. దాని మీద దుమ్ము పడి గట్టిపడితే మడ్డి. చక్రాల ఇరుసుల దగ్గర నల్లగా కారేది కందెన. ఈ మాట నాకు చాలా నచ్చింది. ఎడ్లబండి ఇరుసుకు పెట్టేదాని పేరు అది. 2,580 హార్స్‌పవర్ ఇంజన్‌కూ అదే పేరు సరిపోయింది.

ఇక చక్రాల చుట్టూ, ఒంటి కింది భాగంలో ఉండే గోధుమ రంగు. కొత్తగా చేసేవాళ్ళు అది తుప్పు అనుకుని నారింజ రంగు పూస్తారు. ఎగ్జిబిషన్లలో ఎన్ని చూశానో. అలా పూస్తే పని చేసే ఇంజన్ పాత ఇనుప సామాన్ల కొట్టులో ఉన్నట్టు కనిపిస్తుంది. అది ఇంజన్ రేకు తుప్పు కాదు. పోత ఇనుము బ్రేకు దిమ్మలు చక్రాలను రాసుకున్నప్పుడు సన్నటి పొడి రాలుతుంది, అది ఎగిరి అన్నిటి మీదా పడి, గాలికీ తడికీ గోధుమ రంగుకు తిరుగుతుంది. దాన్ని ఏమనాలి అని అమ్మను అడిగాను. "పురుగు పట్టిన చెక్క కింద రాలుతుందే, అలాంటిదా? నుసి అనరా" అంది. బ్రేకు నుసి. ఇంతకంటే మంచి మాట ఇంగ్లీషులో లేదు. దీనికి నేను హంబ్రోల్ 62, 33, గన్‌మెటల్ రంగు కలుపుతాను. 62 తోలు రంగు, 33 నలుపు. ఒక్క రంగుగా కలిపేయకూడదు. ఒకచోట కొంచెం గోధుమ, ఒకచోట కొంచెం నలుపు రావాలి.

ఇది ఎక్కువగా బోగీల మీద పడుతుంది. ఇక్కడ జాగ్రత్త. తెలుగులో బోగీ అంటే మనుషులు కూర్చునే రైలు పెట్టె. బ్రిటన్‌లో బోగీ అంటే పెట్టె కింద చక్రాలు ఉండే చట్రం. బోగీకి మురికి పూస్తున్నానని ఇండియాలో చెప్తే వేరేలా అర్థం చేసుకుంటారు.

నీలం రంగు వెలవడం ఇంకో సంగతి. వెలిసిన రంగు మురికి కాదు, మురికి తీయడం వల్ల వచ్చేది. ఇనుప నుసి మరక ఉత్త నీళ్ళకు పోదు, ఆమ్లం కావాలి. గుడిలో ఇత్తడికి నేను చింతపండు వాడేది కూడా అందుకే, అందులో పులుపు చిలుమును తినేస్తుంది. రైళ్ళు కడిగే నీళ్ళలో కూడా ఆమ్లం ఉండేది. ఏళ్ళ తరబడి అలా కడిగితే నీలం సుద్ద పూసినట్టు తెల్లబడుతుంది. నాన్న షిఫ్టు నుంచి వచ్చి చేతులకు కొబ్బరినూనె రాసుకునేవారు, నాకు బాగా గుర్తు. ఆఫీసు గుమాస్తాకు అంత నూనె ఎందుకు అని ఇంట్లో ఎవరూ అడగలేదు.

మాసిన సగానికి పద్ధతి ఇది. పల్చటి నలుపు, గోధుమ కలిపిన ఎనామెల్ మొత్తం పూసి, ఆరకముందే వైట్ స్పిరిట్‌లో ముంచిన బ్రష్‌తో పైనుంచి కిందికి తుడుస్తాను. ఎప్పుడూ పైనుంచి కిందికే, వాన కారినట్టు. అడ్డంగా తుడిస్తే పాడవుతుంది. తలుపు అంచుల్లో, గాలి జాలీల్లో, మెట్ల పక్కన దానంతట అదే నిలుస్తుంది. గుడిలో కుందు మెడ దగ్గర నిలిచినట్టు. కడిగిన సగానికి కూడా ముందు ఇదే పూశాను. తర్వాత దూది పుల్లలతో నిజంగా కడిగాను. కడిగిన ఇంజన్ కొత్త ఇంజన్ కాదు కదా. జాలీల్లో, రేకు అతుకుల్లో, నాన్న బ్రష్ వెంట్రుకలు చేరని చోట, మసి ఉండనిచ్చాను. చివరికి తడి కోసం మెరిసే వార్నిష్ వేశాను. ఈ చిన్న ఇంజన్ కడగడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది.

నంబరు సంగతి మా క్లబ్బులో పెద్ద చర్చ అయింది. స్ట్రాట్‌ఫర్డ్‌లో అప్పుడు ఉన్న ఇంజన్ల జాబితాలోంచి ఏదో ఒక నంబరు తీసుకుని వేసెయ్యి అన్నారు. ఎవరూ తప్పు అనలేరు కదా అన్నారు. నాకు ఇష్టం లేదు. 47, సున్నా వరకు అతికించి ఆపాను. మిగతా రెండు అంకెల ముందు నాన్న నిలబడతారు. ఎవరైనా ఆయన్ని పక్కకు జరిపి చూస్తే అక్కడ ఖాళీ నీలం కనిపిస్తుంది.

ఈ విషయం రాయొచ్చా అని అమ్మను అడిగాను. "ముందు మీ అత్తతో మాట్లాడనీ" అంది. పోయిన ఆదివారం తెనాలికి ఫోన్ చేసింది. అత్తకు 70 దాటాయి, మనవలు ఉన్నారు. అమ్మ మొత్తం చెప్పింది. అటు వైపు చాలాసేపు మాట లేదు. తర్వాత అత్త ఏడవలేదు, కోప్పడింది. "వదినా, నలభై ఏడేళ్ళు దాస్తావా? నా పెళ్ళి గొలుసు అన్నయ్య జీతం ఏరియర్స్‌తో చేయించారని అందరికీ చెప్పుకున్నాను" అంది. తర్వాత ఫోన్ నాకిమ్మంది. "ఫోటోలో అన్నయ్య చేతులు కనిపిస్తున్నాయా?" అని అడిగింది. కుడి చేయి కనిపిస్తోందని చెప్పాను. "పంపించు" అంది. మోడల్ అయ్యాక అది కూడా పంపించమంది, బొమ్మ కాదు, ఫోటో తీసి.

ఇక మిగిలింది నాన్న. 5 అడుగుల 6 అంగుళాల మనిషి 22 మిల్లీమీటర్లు అవుతారు. దుకాణంలో దొరికే రైల్వే పనివాళ్ళ బొమ్మల్లో ఒకటి తీసుకుని, టోపీ కోసేసి, కుడి చేయి మళ్ళీ అతికించాను. బ్రష్ కర్ర ఇత్తడి తీగ. చర్మం రంగు మూడుసార్లు మార్చాను, ఆ బొమ్మలన్నీ గులాబీ రంగులోనే వస్తాయి. ఓవరాల్స్ ముదురు నీలం, దాని మీద అమ్మకు అనుమానం లేదు. ఎన్ని ఉతికిందో మరి.

బకెట్ దగ్గర ఆగాం. ఫోటోలో అది బూడిద రంగులో ఉంది. అమ్మ ఆకుపచ్చ అంటోంది, అది డిపోది కాదు, మా ఇంట్లోదే, పిడి విరిగితే నాన్న పనికి పట్టుకుపోయారు అంటోంది. పాత ఫోటోల్లో రంగులు మారిపోతాయి, నీలం కూడా అందులో సరిగ్గా లేదు, కాబట్టి ఫోటోను పూర్తిగా నమ్మలేను. రంగు ఇంకా వేయలేదు. ఆకుపచ్చ డబ్బా మూత మాత్రం తీసి ఉంచాను.